మూడేళ్ళ ఇంటికి ఎంత ముస్తాబు?

ప్రశ్న: మావారు మందుల కంపెనీలో ఏరియా మేనేజరు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నిజామాబాద్, తిరుపతి, కర్నూలు తిరిగి, రెండు నెలల క్రితం విశాఖపట్నం వచ్చాం. ఇంటి అద్దె 18,000. ఇంటి ఖర్చులు, నెలకు 10,000 రికరింగ్ డిపాజిట్ పోను 8,000 మిగులుతుంది. అత్యవసరాలకని 1,50,000 దాచాం, అది కాక చేతిలో మరో 25,000 ఉంది. ఎనిమిదేళ్ళ మా పాప తన గది అందంగా ఉండాలని అడుగుతోంది. ఇంటీరియర్ వారిని పిలిస్తే హాలులో టీవీ యూనిట్‌కు 65,000, పాప గదిలో అల్మరాకు 85,000, వాల్‌పేపర్‌కు 22,000, ఫాల్స్ సీలింగ్, లైట్లకు 38,000, మొత్తం 2,10,000 అన్నారు. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చట. రికరింగ్ డిపాజిట్ ఒక ఏడాది ఆపితే సరిపోతుంది. మావారేమో ఎలాగూ మూడేళ్ళలో వెళ్ళిపోయే ఇంటికి ఒక్క రూపాయి కూడా దండగ అంటున్నారు. సగం అట్టపెట్టెలు ఇంకా విప్పనే లేదు. ఎవరి మాట సరైనది? ఎంత ఖర్చు పెట్టవచ్చు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందుగా అంకె చెబుతాను. మీరు ఈ ఇంటి అలంకరణకు 36,000 వరకు, అంటే రెండు నెలల అద్దె మేరకు, నిశ్చింతగా ఖర్చు పెట్టండి. అందులో 9,000కు మించి గోడలకు, పైకప్పుకు అతుక్కుపోయే వాటి మీద పెట్టకండి. తరచూ బదిలీలయ్యే కుటుంబాలకు నేను చెప్పే కొలత ఇదే: మొత్తం రెండు నెలల అద్దె, అందులో నాలుగో వంతు మాత్రమే వదిలి వెళ్ళవలసిన పనులకు. ఇంటీరియర్ వారి అంచనాను మాత్రం ఈ వారమే మర్యాదగా తిప్పి పంపండి.

ఆ అంచనాలో నాలుగు పనులున్నాయి. నాలుగూ ఇంటికి బిగించేవే. వెళ్ళేటప్పుడు టీవీ యూనిట్‌నూ అల్మరానూ ఊడదీసినా, ఆ గోడ కొలతకు కోసిన చెక్క మరో గోడకు సరిపోదు. పైగా ఇప్పుడు ఎక్కువగా వాడేది రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు. ఒకసారి స్క్రూ తీసి మళ్ళీ బిగిస్తే ఆ రంధ్రం వదులవుతుంది, తేమ తగిలితే పలక ఉబ్బుతుంది. మీరున్నది సముద్రం పక్కన. కర్నూలు పొడి ఎండలో ఏళ్ళ తరబడి నిలిచే వాల్‌పేపర్ విశాఖ తేమకు అంచుల దగ్గర లేస్తుంది.

ఇప్పుడు ఆ 2,10,000ను మీరు ఉండబోయే నెలలతో భాగించండి. పూర్తిగా 36 నెలలు ఉంటే నెలకు 5,833. అంటే మీ అసలు అద్దె 18,000 కాదు, 23,833. బదిలీ ముందే వచ్చి 20 నెలలకే వెళ్ళవలసి వస్తే నెలకు 10,500, అద్దె 28,500 అయినట్టే. అంత అద్దె ఇవ్వగలిగితే అల్మరాలు ముందే ఉన్న ఇల్లు వెతుక్కోవచ్చు కదా! యజమాని ఆస్తికి మీరు వాయిదాలు కట్టడం తప్ప ఇందులో మీకు మిగిలేది లేదు.

వడ్డీ లేదన్న మాటనూ నమ్మకండి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, క్రెడిట్ కార్డు వాయిదా పథకాల్లో ఆ వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాచి వసూలు చేస్తున్నారని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. రుసుము మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అవన్నీ పక్కన పెట్టినా నెలకు 17,500 వాయిదా. మీ మిగులు 8,000, ఆపేసిన డిపాజిట్ 10,000 కలిపితే 18,000. ఏడాదంతా నెలకు 500 రూపాయల వెసులుబాటుతో బతకాలి. చిన్న పాప ఉన్న ఇంట్లో, ఎప్పుడు బదిలీ ఉత్తర్వు వస్తుందో తెలియని ఉద్యోగంలో, ఆ పని చేయకూడదు.

అలాగని మీవారి మాట సరైనదని కూడా నేను అనను. ఆయన కూడా దీన్ని చదవాలని కోరుకుంటున్నాను. అయ్యా, ఎనిమిదేళ్ళ పిల్లకు మూడేళ్ళు చిన్న కాలం కాదు. ఊరు, బడి, స్నేహితులు అన్నీ ఆమె ఎంపిక లేకుండానే మారుతున్నాయి. ఆ గది ఒక్కటైనా తనదనిపించాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇల్లు సర్దకుండా వదిలేయడం వల్ల డబ్బు మిగులుతుందన్నదీ నిజం కాదు. పెట్టెలు విప్పని ఇంట్లో ఉన్న గిన్నె కనబడక మరొకటి కొంటారు, వంటగది కుదురుకోక వారానికి మూడు పూటలు బయటినుంచి తెప్పించుకుంటారు. నా దగ్గరకు వచ్చే బదిలీ కుటుంబాల లెక్కల పుస్తకాల్లో ఈ చిల్లర ఖర్చు కొత్త ఊరి మొదటి నెలల్లో ప్రతిసారీ కనిపిస్తుంది.

అందుకే మొదటి పని పైసా ఖర్చు లేనిది: పెట్టెలన్నీ విప్పండి. కర్నూలులో కూడా విప్పకుండా అలాగే లారీ ఎక్కి వచ్చిన పెట్టె ఏదైనా ఉంటే, అందులోవి అమ్మేయండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. వాడని వస్తువుకు ప్రతి బదిలీలోనూ కిరాయి కడుతున్నారు.

ఇక 36,000 సంగతి. పాప గదితో మొదలుపెడదాం. మన వైపు అద్దె ఇళ్ళలో గోడకు సిమెంటు అరలు, పైన అటక తరచుగా ఉంటాయి. మీ ఇంట్లోనూ ఉంటే 85,000 అల్మరా అవసరం ఆ అరలతోనే తీరుతుంది. తలుపుల బదులు ముందు ఒక స్ప్రింగు తీగ కట్టి గుడ్డ తెర వేయండి. కుట్టుకూలితో కలిపి 1,200లో అయిపోతుంది. పెట్టెలో అడుగున పడి ఉన్న పాత గద్వాల చీర ఉంటే దానికి నూలు అస్తరు వేసి కుట్టించండి. కర్నూలులో ఉన్నారు కాబట్టి ఒకటైనా ఉంటుందని నా ఊహ. తీగతో సహా మడిచి మరో ఊరు తీసుకుపోవచ్చు.

ఒక్క గోడకు మాత్రం పాప కోరిన రంగు వేయించండి. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడకు రెండు పూతలు వేయడానికి రెండు లీటర్ల ఎమల్షన్ సరిపోతుంది. కూలితో కలిపి సుమారు 4,000. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ తెలుపు వేయించడానికి మరో 4,000 ఇప్పుడే పక్కన పెట్టండి. వదిలి వెళ్ళే పనులకు మీకిచ్చిన 9,000 పరిమితిలో ఇది ఇమిడిపోతుంది. రంగు వేసే ముందు యజమాని అనుమతి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. మాటగా ఇచ్చిన అనుమతి అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున గుర్తుండదు. చదువుకునే బల్ల సెకండ్ హ్యాండ్‌లో 3,000కు దొరుకుతుంది. నిజమైన చెక్కదో ఇనుపదో చూసుకోండి. ఇనుపదైతే తుప్పు పట్టకుండా రంగు వేయించాలి, సముద్రపు గాలికి ఊరుకోదు.

హాలుకు ఫాల్స్ సీలింగ్ ఇచ్చే వెచ్చదనంలో చాలా భాగం బల్బులు మార్చినా వస్తుంది. అద్దె ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 6,500 కెల్విన్ల తెల్లని వెలుగు, ఆసుపత్రి వరండాలా ఉంటుంది. వంటగదిలో, చదువు బల్ల దగ్గర అది ఉండనివ్వండి. హాలులో, పడకగదుల్లో 2,700 నుంచి 3,000 కెల్విన్ల మధ్య ఉన్న పసుపు వెలుగు ఎల్‌ఈడీలు పెట్టండి. డబ్బా మీద ఈ అంకె ముద్రించి ఉంటుంది. యజమాని బల్బులను ఒక పెట్టెలో దాచి, వెళ్ళేటప్పుడు తిరిగి బిగించి, మీవి మీరు తీసుకుపోండి. మూలల్లో పెట్టడానికి రెండు దీపపు స్తంభాలు (ఫ్లోర్ ల్యాంపులు) కొన్నా మొత్తం 5,000 దాటదు. నా లెక్కలో అద్దె ఇంట్లో పెట్టిన ప్రతి రూపాయికి ఇంతకన్నా ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు మరొకటి లేదు.

కర్టెన్లకు 8,000. ఇక్కడ బదిలీ కుటుంబాలు ప్రతి ఊరిలోనూ డబ్బు పోగొట్టుకుంటాయి. ఆ ఇంటి కిటికీ కొలతకు కుట్టించుకుని, తరువాతి ఇంట్లో అరడుగు పొట్టి అయ్యాయని మళ్ళీ కొంటారు. బజారులో సాధారణంగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవులు దొరుకుతాయి. కిటికీకి కూడా ఏడడుగులవే తీసుకుని, కింద వెడల్పుగా మడిచి వదులుగా కుట్టించండి. అవసరమైన చోట ఆ మడత విప్పుకోవచ్చు. అన్ని గదులకూ ఒకే రంగు తీసుకుంటే మరో ఇంట్లో గదులు తారుమారైనా అతుకుతాయి. మంచి నూలు గుడ్డ ఎంచుకోండి, కర్నూలు ఎండకూ విశాఖ ఉక్కపోతకూ అదే పనికొస్తుంది. పొడవు పెంచి తగ్గించుకునే కడ్డీలు కొనండి, అవీ మీతోనే వస్తాయి.

నేలకు 3,000లో నూలు జంపఖానా చాలు. వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టి కడితే లారీలో ఒక మూల పడి ఉంటుంది, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. మందపాటి ఉన్ని తివాచీ ఈ ఊరి తేమకు వద్దు.

గోడల మీదకు 4,000 అనుకున్నాను, దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముద్రించిన పోస్టర్లు, ప్లాస్టిక్ ఆకుల తీగలు కొనకండి. మీరు నిజామాబాద్‌లో ఉన్నప్పుడు నిర్మల్ చిత్రాలు పక్కనే ఉన్నాయి. తిరుపతిలో ఉన్నప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ గంట దూరం. ఇప్పుడు విశాఖ నుంచి ఏటికొప్పాక దగ్గర. అక్కడ తేలికైన అంకుడు కర్రతో, సహజ రంగులు కలిపిన లక్కతో బొమ్మలు చేస్తారు. ఇవన్నీ బరువు లేనివి, గుడ్డ మీద వేసిన కలంకారీ అయితే చుట్టి పెట్టుకోవచ్చు. ఊరికొకటి చొప్పున కొనుక్కుంటూ పోతే పాప ఎదిగేసరికి ఆమె పెరిగిన ఊళ్ళన్నీ ఒకే గోడ మీద ఉంటాయి. అంటించే కొక్కేలు సున్నం వేసిన పాత గోడలకు నిలవవు, పెచ్చుతో సహా ఊడిపోతాయి. అలాంటి చోట చిత్రాన్ని బల్ల మీదో బీరువా మీదో గోడకు ఆనించి నిలబెట్టండి.

బల్బులు, కర్టెన్లు, పాప గది, జంపఖానా, బొమ్మలు కలిపి సుమారు 28,000 అవుతుంది. ఇందులో మళ్ళీ తెలుపు వేయించడానికి తీసిపెట్టే 4,000 చేర్చలేదు. అది పోగా మిగిలే 4,000 మూడు నెలల దాకా ముట్టుకోకండి. ఇల్లు అలవాటయ్యాక నిజంగా ఏం తక్కువైందో అప్పుడు తెలుస్తుంది. డబ్బు ఎక్కడిదంటే, చేతిలో ఉన్న 25,000 ఇప్పుడు వాడండి, మిగిలిన 11,000 నెలకు 5,000 చొప్పున రెండు మూడు నెలల్లో సర్దుకోండి. రికరింగ్ డిపాజిట్ ఆపవద్దు. అత్యవసర నిధిని తాకవద్దు.

మీ 8,000 మిగులులో మిగిలే 3,000ను ఇప్పటినుంచి ప్రతి నెలా వేరే ఖాతాలో బదిలీ నిధిగా వేయండి. మూడేళ్ళకు 1,08,000. బదిలీలో ఇబ్బంది పెట్టేది లారీ కిరాయి కన్నా అడ్వాన్సు. పాత యజమాని తిరిగి ఇవ్వకముందే కొత్త ఇంటికి కట్టాలి. దానికి తోడు బడి ప్రవేశ రుసుము, ఏసీ విప్పి బిగించే కూలి. ఇవన్నీ ఒకే వారంలో వచ్చి పడతాయి, అప్పుడే చాలామంది క్రెడిట్ కార్డు తీస్తారు. తరువాతి ఊరు బెంగళూరైతే జాగ్రత్త, అక్కడ అడ్వాన్సు ఐదారు నెలల అద్దె అడగడం మామూలే. నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతుంది కానీ, రాష్ట్రాలు దాన్ని చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

కంపెనీ ఇచ్చే బదిలీ భత్యానికి రసీదులు దాచండి. ప్రయాణానికి, సామాను కట్టి తరలించడానికి నిజంగా ఖర్చయినంత మేరకు ఆ భత్యం మీద ఆదాయపు పన్ను ఉండదు. పాత, కొత్త పన్ను విధానాలు రెండింటిలోనూ ఇంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 20 కిలోమీటర్లు దాటిన బదిలీకి మూల వేతనంలో 80 శాతం గ్రాంటు, సామాను రవాణాకు విడిగా పరిమితి ఉంటాయి. ప్రైవేటు కంపెనీలలో అలాంటి ఒకే నియమం లేదు. అందుకే తరువాతి ఉత్తర్వు రాగానే, దేనికి ఎంత ఇస్తారో మీవారు కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోవాలి.

ఇంకొక్క పని ఉంది. దోమతెర తలుపులు, వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాను, కారే కుళాయి వంటివి ఇంటికే చెందినవి, ఆ ఖర్చు పెట్టమని యజమానిని అడగవచ్చు. వచ్చే నెల అద్దె కట్టే ముందే ఆయనతో మాట్లాడండి. ఇప్పుడే డబ్బు పెట్టలేనంటే, పని మీరు చేయించి రసీదు ఇస్తామని, ఆ మొత్తాన్ని రెండు మూడు నెలల అద్దెలో తగ్గించుకుంటామని చెప్పండి. ఒప్పుకుంటే 11 నెలల ఒప్పందం వెనుక ఒక వాక్యం రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం అడ్వాన్సులో ఎంత కోస్తారో కూడా అదే కాగితం మీద రాయించుకోండి. గోడలు, తలుపులు, బాత్రూము ఇప్పుడెలా ఉన్నాయో వీడియో తీసి ఆయనకు పంపండి. మీరు వచ్చి రెండు నెలలే అయింది కాబట్టి అది ఇంకా పనికొస్తుంది.