సిలికాన్ ముఖంపై పరమాణువుల అమరికను కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

ప్రశ్న: స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపుతో ఉపరితలం మీది పరమాణువులను చూడగలుగుతున్నప్పుడు, స్ఫటికాల ఉపరితల నిర్మాణాన్ని తేల్చడానికి కంప్యూటర్ అల్గారిథంలు ఎందుకు? అవి చూపిన అమరికే సరైనదని ఎలా నమ్మాలి?
– ఎం.ఎస్సీ. భౌతికశాస్త్ర విద్యార్థిని, వరంగల్లు

జవాబు: ఆ మైక్రోస్కోపు సూదిమొనకూ ఉపరితలానికీ మధ్య ప్రవహించే విద్యుత్తును కొలుస్తుంది కనుక, అందులో కనిపించేది ప్రధానంగా పై వరుసలోని ఎలక్ట్రాన్ల తీరే; కింది పొరల్లో ఏ పరమాణువు ఎటు జరిగిందో అది చెప్పదు. సిలికాన్ (111) ముఖాన్నే తీసుకోండి (స్ఫటికాన్ని ఏ దిశలో కోస్తే ఆ ముఖం వస్తుందో బ్రాకెట్లలోని అంకెలు చెబుతాయి). దాన్ని శూన్యంలో వేడిచేసి శుభ్రపరిస్తే, మామూలు గడికి (పదేపదే పునరావృతమయ్యే అమరికలోని ఒక్క ముక్కకు, అంటే 1×1కు) ఏడింతల పొడవు, ఏడింతల వెడల్పు గల 7×7 గళ్లుగా పరమాణువులు సర్దుకుంటాయని ష్లియర్, ఫార్న్స్‌వర్త్ 1959లోనే ఎలక్ట్రాన్ వివర్తనంతో, అంటే పరమాణువులను తాకి ఎలక్ట్రాన్ పుంజం చెదిరే తీరుతో, గమనించారు. 1983లో బిన్నిగ్, రోరర్ బృందం తీసిన చిత్రంలో ఒక్కో గడిలో 12 పరమాణువులు ఉబ్బెత్తుగా కనిపించాయి. అయినా వాటి కింద ఏముందో 1985లో తకయానగి బృందం వివర్తన తీవ్రతలను విశ్లేషించేదాకా తేలలేదు. వారి నమూనాలో గడికి 49 ఉండవలసిన తెగిన బంధాలు 19కి తగ్గుతాయి; ఉపరితలం ఇంత తంటాలు పడేది ప్రధానంగా అందుకే.

ఆ నమూనా మనుషుల ఊహకు దక్కిన విజయం. అదే పనిని యంత్రానికి అప్పగించాలంటే, ఏ అమరికకు శక్తి అతితక్కువో వెతకమనాలి. పై 7×7 గడిలో సర్దుకున్న పరమాణువులు 102, ఒక్కోదాని స్థానానికి మూడు చొప్పున 306 నిరూపకాలు. వాటిని కొద్దికొద్దిగా కదుపుతూ శక్తిని తగ్గించుకుంటూ పోయే పద్ధతి, కొండల నడుమ దారితప్పిన వాడు కాళ్లు దిగిన వైపే నడిచి దగ్గరి గుంటలో ఆగిపోయినట్లు, మొదట దొరికిన స్థానిక కనిష్ఠం దగ్గరే నిలిచిపోతుంది. 1983లో కర్క్‌పాట్రిక్, జెలాట్, వెక్కీ ప్రతిపాదించిన సిమ్యులేటెడ్ అనీలింగ్, శక్తి పెరిగే అడుగులను కూడా అప్పుడప్పుడు అనుమతించి ఈ చిక్కును దాటుతుంది. పరమాణు గుచ్ఛాల కోసం డీవెన్, హో 1995లో వాడిన జన్యు అల్గారిథం రెండు మంచి అమరికలను అడ్డంగా కోసి, ఒకదాని సగాన్ని రెండోదాని సగానికి అతికి, కొత్త అమరికను పుట్టిస్తుంది. నా దృష్టిలో ఉపరితలాలకు ఇదే ఎక్కువ అనువైనది. ఎందుకంటే ఇక్కడ గడిలో ఎన్ని పరమాణువులున్నాయో కూడా ముందుగా తెలియదు, ఆ సంఖ్యనూ మార్చి చూడాలి. 2004లో చోబాను, ప్రెడెస్కు సిలికాన్ (105) ముఖానికి చేసిన మాంటీ కార్లో (యాదృచ్ఛిక మార్పులతో సాగే) వెతుకులాటలోనూ ఈ సమస్య కీలకమైనదే.

ఇక నమ్మకం సంగతి. లక్షలాది అమరికలను తూచడానికి వాడే సులభ శక్తి సూత్రాలు వేగవంతమైనవే గాని అంత నమ్మదగినవి కావు. అందువల్ల ముందు నిలిచిన కొన్ని అమరికలను ఎంచి, క్వాంటం సిద్ధాంతం ఆధారంగా ఎలక్ట్రాన్ల శక్తిని లెక్కించే గణనతో మళ్లీ తూచి, వాటి నుండి రావలసిన వివర్తన తీవ్రతలను గానీ మైక్రోస్కోపు చిత్రాన్ని గానీ లెక్కగట్టి, ప్రయోగ ఫలితంతో సరిపోల్చుతారు. వివర్తనంలో తరంగాల దశ (అలల ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయన్నది) నమోదు కాదు కనుక ఆ తీవ్రతల నుండి నిర్మాణానికి నేరుగా వెనక్కి వెళ్లలేము, ఊహించి సరిపోల్చుకోవలసిందే. ఆ పొంతనను కొలవడానికి పెండ్రీ 1980లో ఇచ్చిన ఆర్-ఫ్యాక్టర్ నేటికీ వాడుకలో ఉంది.

శక్తి లెక్క తప్పులేకుండా ఉన్నా రెండు చిక్కులు మిగులుతాయి. యంత్రానికి 2×1 గడి మాత్రమే ఇస్తే అది ఎంత వెతికినా 7×7 అమరికను చూపలేదు. రెండోది ఇంకా విచిత్రం: గది ఉష్ణోగ్రత వద్ద చీల్చిన సిలికాన్ (111) ముఖంపై కనిపించేది 2×1 అమరికే, వేడిచేశాకే అది 7×7గా మారుతుంది. 1992 నాటి క్వాంటం గణనల ప్రకారం వీటిలో 7×7కే శక్తి తక్కువ, అయితే ఆ తేడా ఒక్కో 1×1 గడికి సుమారు 0.06 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. అంటే, అతితక్కువ శక్తి గల అమరికను సరిగ్గా పట్టుకున్న అల్గారిథం కూడా, అప్పుడే చీల్చిన ముక్క విషయంలో ప్రయోగశాలలో కనిపించేదాన్ని చెప్పలేదు.