ఆ ఐదేళ్ల కాగితం నీ బండికి కాదు పాపా

పాపా,

నీ మెసేజ్ చూశాను. "స్కూటీకి ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా పెదనాయనా, ఏడాదికే మళ్లీ కట్టమని ఫోన్లు చేస్తున్నారు, మోసమా?" అని అడిగావు. మోసం కాదు. నేనూ నీలాగే అనుకుని 11,000 రూపాయలు వదిలించుకున్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తున్నా, విసుక్కోకు.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్ ఏది కొన్నా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. నీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, వాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం దాంట్లోంచి వస్తుంది. చట్టం అడిగేది అదే. అది లేకుండా దొరికితే మొదటిసారికే 2,000 ఫైన్. నీ బండికి జరిగే నష్టం చూసుకునేది వేరే, దాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు. షోరూంలో సాధారణంగా అది ఏడాదికే వేస్తారు. ఇప్పుడు నీకు అయిపోవస్తున్నది అదే.

నేను 2019లో బండి కొన్నాను. రెండో ఏడు ఇలాంటి ఫోనే వస్తే కట్ చేసి పారేశాను. 2021 నవంబర్ వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధులు ఏరులైన వానలు. మెట్ల కింద పెట్టిన బండి సీటు దాకా మునిగింది. నీళ్లు తీశాక నేను చేసిన ఘనకార్యం, సెల్ఫ్ నొక్కడం, అది పలక్కపోతే కిక్ కొట్టడం. ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. బీరువాలోంచి పాలసీ తీసి చూస్తే మిగిలింది థర్డ్ పార్టీ ఒక్కటే. అప్పుడు మీ పెద్దమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందుకే ఓన్ డ్యామేజ్ తప్పకుండా కట్టు. ఇంకో మాట, అది ఉన్నా సరే, మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్ రిపేరుకు మామూలు పాలసీలో డబ్బులివ్వరు. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి. మీ ఇల్లు పల్లంలో ఉంది, తీసుకో. వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు మాత్రం ఏ పాలసీనీ నమ్ముకుని దిగొద్దు.

ఐదేళ్లకు కట్టిన కంపెనీలోనే ఇదీ కట్టాలని లేదు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం పెట్టేది, ఎక్కడైనా ఒకటే. ఓన్ డ్యామేజ్‌లోనే తేడాలుంటాయి, బేరం అక్కడ చెయ్యి. కానీ తక్కువ చెప్పారని సంబరపడకుండా ఐడీవీ, అంటే పాలసీలో నీ బండికి కట్టిన విలువ, ఎంత వేశారో చూడు. బండి పోతే నీకొచ్చేది దాని లెక్కనే. షోరూం ధర 90,000 అనుకుంటే, ఏడాది దాటిన బండికి అరుగుదల కింద 20 శాతం తీసేసి 72,000 దాకా వేయాలి. 55,000 వేసి ప్రీమియం తగ్గించామనేవాళ్లు రేపు నీకు రావాల్సిన డబ్బులోంచే కోస్తున్నట్టు.

జీరో డిప్ సంగతి అడిగావు. స్కూటీకి ముందూ వెనకా అంతా ప్లాస్టిక్కే. మామూలు పాలసీలో అరుగుదల పేరుతో కోసి ప్లాస్టిక్ పార్టుకు సగమే ఇస్తారు, జీరో డిప్ ఉంటే ఆ కోత ఉండదు. మొదటి మూడు నాలుగేళ్లు జీరో డిప్ పెట్టుకో, తర్వాత దండగ అని నా లెక్క.

అద్దం విరిగిందని, ఇండికేటర్ పగిలిందని క్లెయిమ్‌కు పోకు. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, అలా ఐదేళ్లకు 50 దాకా పోతుంది. గడువు దాటి 90 రోజులు ఊరుకుంటే ఆ తగ్గింపంతా పోతుంది. అందుకే ఈ నెలలోనే కట్టేయ్.

ఏ కంపెనీ అంటే, టీవీ యాడ్ చూసి కాదు, నువ్వు సర్వీసింగ్‌కు ఇచ్చే చోట అడుగు. నష్టం లెక్కగట్టే సర్వేయర్ ఎవరి దగ్గర్నుంచి త్వరగా వస్తాడో, రిపేరు బిల్లు నేరుగా కంపెనీయే కట్టే క్యాష్‌లెస్ ఎవరికి ఉందో వాళ్లకు తెలుస్తుంది.

తమ్ముడికి మాత్రం లైసెన్స్ వచ్చేదాకా తాళం ఇవ్వకు. ట్యూషన్ దగ్గరే అంటాడు, వినొద్దు. వాడు గుద్దితే కంపెనీ నీ బండికి పైసా ఇవ్వదు. రెండో తాళంచెవి కూడా ఎక్కడ పెట్టావో చూసుకో. బండి పోయిందని క్లెయిమ్ పెడితే రెండు తాళాలూ అడుగుతారు.

ఆదివారం వచ్చేటప్పుడు పాలసీ కాగితం తీసుకురా, కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దరం చూద్దాం.

మీ పెదనాయన