ఇరవై ఏళ్ల కిందట తాగుడు మానేసిన నాన్న, రిటైరయ్యాక మళ్లీ మొదలుపెడతారా?

రిటైరయ్యాక మీ నాన్న ముభావంగా ఉంటున్నారని, సాయంత్రం బయటికెళ్లి ఆలస్యంగా వస్తున్నారని, మళ్లీ మొదలుపెడతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు బిడ్డా. నాది దేవరకొండ దిక్కు, డెబ్బై దాటాయి. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు మానేశాను. దొరక్క మానేసినవాడినే, అందులో నా గొప్పేమీ లేదు. 1997లో నిషేధం సడలించి దుకాణాలు తెరిచినప్పుడు అందరూ నా మీదే కన్నేశారు. కానీ అప్పుడు డ్యూటీ ఉంది, పిల్లల ఫీజులున్నాయి, ఇంట్లో కాపలా ఉంది. గడిచిపోయింది.

అరవై దాటాక ఆ కాపలా పోతుంది. జనం ప్రేమతోనే పోస్తారు. "ఇంకెన్నాళ్లు బతుకుతవ్, ఇప్పుడు గూడ నోరు కట్టుకునుడేంది?" అంటారు. దినాలకు పోయినా, ఎల్లమ్మ పండుగకు పోయినా ముందు పెద్దమనిషికే గ్లాసు. మోకాళ్ల నొప్పులంటే ఈతకల్లు మందేనని చెప్పేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లున్నారు కదా, ఆ నొప్పికి రాత్రిపూట ఒక పెగ్గుతో నిద్రపడుతుందని అలవాటు చేసుకున్నవాళ్లను చూశాను. వయసు మీద పడ్డాక ఒంట్లో నీటిపాళ్లు తగ్గుతాయి, అదే గ్లాసు వెనకటికంటే ఎక్కువ ఎక్కుతుంది. పైగా బీపీ మాత్రలు. తూలి పడితే తుంటి ఎముక. ఇక కల్లంటారా, పాలమూరు వైపు క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపింది పట్టుబడటం కొత్తేమీ కాదు.

నిజానికి నాకిప్పుడు తాగాలని ఉండదు. ఖాళీతోనే కష్టం. నాతో కూర్చుని తాగినవాళ్లలో చాలామంది పోయారు. తాగనివాళ్లతో కలిసి నవ్విన పాత ముచ్చట్లు నాకు లేవు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మనిషికి ఎటు పోవాలో తోచదు. మీ నాన్నదీ ఇదే కావచ్చు. అందుకని ఆయన చొక్కా వాసన చూడకు, జేబులు వెతకకు. ఆ వేళకు ఒక బాధ్యత అప్పజెప్పు: మనవణ్ని ట్యూషన్ నుంచి తేవడమో, చిట్టీ డబ్బులు కట్టిరావడమో. మా కోడలు చిట్టీ డబ్బు నా చేతికిచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం రిటైర్మెంట్ సన్మానంలో కూడా కలగలేదు. (మా ఆవిడ మాత్రం పింఛను రోజు ఇప్పటికీ లెక్క అడుగుతుంది. అడగనీ.)

అనుమానముంటే నేరుగానే అడుగు, తిట్టకుండా. నిద్రమాత్రలు కావాలంటే డాక్టరుకు పాత అలవాటు సంగతి చెప్పించు. ఒకవేళ రోజూ తాగుతున్నారని తేలితే, గదిలో పెట్టి తాళమేసి ఒక్కసారిగా మాన్పించకు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తడబాటు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నేరుగా ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. తాగుడు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినా దారి చెబుతారు, డబ్బులేమీ పడవు.