గణిత సందేహాలు: వీణ కుండ మీద బిందువు ఉన్నదా, లేదా?

ప్రశ్న: వీణ కుండను త్రీడీ స్కానర్‌తో కొలిచి, దాని బయటి రూపాన్ని కంప్యూటరులో స్ప్లైన్ ఉపరితలంగా, అంటే వంపు ముక్కలను నున్నగా కలిపిన ఉపరితలంగా, తయారు చేశాను. ఒక బిందువు ఆ ఉపరితలం మీద ఉన్నదో లేదో చెప్పే ప్రోగ్రామ్ రాస్తే, ఏ బిందువు ఇచ్చినా దాదాపు ప్రతిసారీ ‘లేదు’ అనే వస్తోంది. పొరపాటు ఎక్కడ ఉంది?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ ప్రోగ్రామ్ బహుశా రెండు సంఖ్యలు అచ్చంగా సమానమా అని చూస్తున్నది. కంప్యూటరు దశాంశ సంఖ్యలను పదిహేను, పదహారు అంకెల మేరకే నిలుపుకుంటుంది కనుక ఆ పరీక్ష నెగ్గదు. ‘ఉన్నదా’ అని కాక ‘ఎంత దూరంలో ఉన్నది’ అని అడగాలి.

గోళమైతే కేంద్రం నుంచి దూరం కొలిస్తే సరిపోతుంది. స్ప్లైన్ ఉపరితలానికి ఆ సౌకర్యం లేదు. యు, వి అనే రెండు విలువలు ఇస్తే బిందువును చెబుతుందే తప్ప, బిందువును ఇస్తే యు, వి చెప్పదు. వాటిని తొలగించి ఒకే సమీకరణం రాబట్టవచ్చు గానీ, రెండు దిశల్లోనూ మూడో ఘాతం ఉన్న ఒక్క ముక్కకే అది సాధారణంగా 18వ ఘాతానికి చేరుతుంది. ఆ దారి నేను సూచించను.

బిందువుకు అతి దగ్గరి చోటును వెతకడమే మేలు. అక్కడి నుంచి బిందువుకు గీసిన గీత, ఉపరితలం మీది రెండు స్పర్శ దిశలకూ (యు, విలు మారేటప్పుడు బిందువు కదిలే దిశలకు) లంబంగా ఉంటుంది. ఈ రెండు షరతులను ఒక ఊహతో మొదలుపెట్టి అడుగడుగునా దాన్ని సరిదిద్దే న్యూటన్ పద్ధతితో సాధిస్తే, ఆరంభం బాగుంటే నాలుగైదు అడుగుల్లో జవాబు తేలుతుంది. ఆరంభం బాగుండకపోతే, కుండ లోపలి బిందువు ఎదుటి గోడను పట్టుకుని అదే దగ్గరిదని నమ్మించగలదు. అందుకే ఉపరితలాన్ని ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్క నియంత్రణ బిందువుల (దాని వంపును నిర్ణయించే బిందువుల) చుట్టూ ఒక పెట్టెను ఊహించండి. వెయిట్లన్నీ (ఆ బిందువులు ముక్కను ఎంత బలంగా లాగుతాయో చెప్పే సంఖ్యలు) ధనాత్మకమైతే ముక్క ఆ పెట్టెను దాటిపోదు కాబట్టి, మీ బిందువు నుంచి ఆ పెట్టె మీరు ఒప్పుకొనే దూరం కంటే ఎక్కువ దూరంలో ఉంటే ఆ ముక్కను చూడనక్కరలేదు.

లెక్కను ఎప్పుడు ఆపాలన్నది మిల్లీమీటర్లలోనే నిర్ణయించండి. యు సున్నా నుంచి ఒకటి వరకు నడిచే దారి 400 మిల్లీమీటర్ల పొడవుంటే, యులో 0.001 తేడా సుమారు 0.4 మిల్లీమీటర్లు, స్కానర్ పొరపాటు 0.05 అయినప్పుడు అది చాలా ఎక్కువ. అలాగని దూరం హద్దును స్కానర్ పొరపాటు కంటే తక్కువగా పెడితే మళ్లీ అన్నీ ‘లేదు’ అనే వస్తాయి.

కుండ అడుగున ఉపరితలపు ఒక అంచు మొత్తం ఒకే బిందువుగా ముడుచుకుని ఉంటే, అక్కడ ఒక స్పర్శ దిశ సున్నా అయి న్యూటన్ లెక్క చెడుతుంది. ఆ కొన బిందువుకు దూరాన్ని విడిగా కొలవండి. మామూలు అంచుల దగ్గర లంబ షరతు తీరనవసరం లేదు కనుక, యును గానీ విని గానీ అంచు విలువకు కట్టి రెండోదానితోనే వెతకాలి.

మీ ఊరి వీణలో కుండా దండీ ఒకే పనస దుంగలోవి కాబట్టి చెక్కలో అతుకు కనిపించదు. కంప్యూటరు రూపంలో మాత్రం దండి కలిసే చోట ఉపరితలాన్ని కత్తిరించి ఉంటారు. దొరికిన యు, వి ఆ కత్తిరింపు గీతకు ఏ వైపున ఉన్నాయో కూడా చూసిన తరువాతే ‘ఉన్నది’ అని చెప్పించండి.