స్పాన్సర్ దొరికాడు సరే, బోర్డు ఎక్కడ కట్టాలి?

సొంత బ్లాగుల్లో, చిన్న వెబ్‌సైట్లలో ఊరి దుకాణాల యాడ్‌లు పెట్టుకోవడం గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

మా బ్లాగుల ఓరుగల్లు గుళ్లు, జాతరల గురించి రాస్తం. నెలకు 18 వేల పేజీ వ్యూస్ వస్తున్నయి. జేపీఎన్ రోడ్డుల బట్టల దుకాణమాయన యాడ్ పెట్టుమన్నడు. ఎంత అడగాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

ముందు ఆ 18 వేలు ఏ నెలవో చూసుకోండి. జాతరల మీద రాసే బ్లాగు మేడారం జాతర నెలలో ఒక్కసారిగా పొంగుతుంది. ఆ జాతర రెండేళ్లకోసారే వస్తుంది కాబట్టి మళ్లీ చప్పబడుతుంది. పొంగిన నెల అంకె చూపించి ఏడాదికి బేరం కుదుర్చుకుంటే నాలుగో నెలకే పేచీ మొదలవుతుంది. మామూలు నెలలు మూడు తీసుకుని సగటు కట్టండి. మీ ఇంటి వైఫై నుంచి మీరు చూసుకున్నవి కలవకుండా, సైటును ఎవరెన్నిసార్లు చూశారో లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్‌లో ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టరు పెట్టండి.

తర్వాతది లెక్క. యాడ్ వెయ్యిసార్లు కనబడితే ఇంత అనే పద్ధతిని సీపీఎం అంటారు. వెయ్యికి 80 రూపాయలనుకుంటే 18 వేలకు 1,440. ఈ 80 లెక్క చెప్పడానికి తీసుకున్నదే, ఎక్కడా రాసిపెట్టిన ధర కాదు. పేజీ పైభాగానికి ఈ రేటనుకుంటే వ్యాసం అడుగున ఉండే చోటుకు సగం అడగడం న్యాయం, అందరూ అక్కడిదాకా చదవరు కదా. ఈ అంకె పట్టుకుని దుకాణాయన ఒక ఫ్లెక్సీకి ఎంత పెడుతున్నాడో, పేపర్లో పాంప్లెట్ పెట్టించడానికి ఎంతిస్తున్నాడో అడగండి. ఆయన మనసులో పోలిక వాటితోనే ఉంటుంది, సీపీఎంతో కాదు.

క్లిక్కుకు ఇంత అన్న బేరానికి మాత్రం ఒప్పుకోకండి. వెయ్యిసార్లు కనబడితే ఒకటో రెండో క్లిక్కులు రావడం మామూలే. వెయ్యికి రెండు చొప్పున 18 వేలకు 36 క్లిక్కులు, ఐదేసి రూపాయలైనా 180. పేరు చూసి నేరుగా దుకాణానికి పోయి చీరలు కొనుక్కున్నవాళ్లు ఈ లెక్కలోకే రారు. నెలకు ఇంత అని గుత్తగా మాట్లాడుకుని, మూడు నెలలది ముందే తీసుకోండి. బట్టల దుకాణమైతే ఆషాఢం సేల్, బతుకమ్మ–దసరా నెలలకు వేరే రేటు చెప్పినా తప్పు లేదు.

ఇంకో మెలిక ఉంది. ‘నీ బ్లాగు వరంగల్లోళ్లు ఎంతమంది చూస్తున్నరు?’ అని అడుగుతాడు. అనలిటిక్స్‌లో ఊర్లవారీ పట్టిక ఉంటుంది గానీ మొబైల్ నెట్‌తో చూసేవాళ్లు కాజీపేటలో ఉన్నా చాలాసార్లు హైదరాబాద్ ఖాతాలో పడతారు, నెట్ కంపెనీల ఐపీ అడ్రసులు అలా నమోదై ఉంటాయి. ఆ పట్టిక చూపించేటప్పుడు ఈ మాట కూడా ముందే చెప్పండి. దాచిపెడితే ‘అంతా హైదరాబాదోళ్లే’ అని ఆయనే తేలుస్తాడు.

బ్లాగర్‌లో సైడ్‌బార్ మీద యాడ్ పెట్టాను. కంప్యూటర్లో బాగానే ఉంది. స్పాన్సర్ మాత్రం ఫోన్లో చూసి ‘నా యాడ్ ఏది?’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, పరకాల

ఆయన చెప్పింది నిజమే. ఫోన్ తెరకు సర్దుకునే థీముల్లో సైడ్‌బార్ పక్కన నిలవడానికి చోటుండదు. వ్యాసాలన్నీ అయ్యాక అట్టడుగుకు జారుతుంది, లేదంటే మూడు గీతల మెనూ లోపల దాక్కుంటుంది. ఊరి పాఠకుల్లో ఎక్కువమంది ఫోన్లోనే చదువుతారు కాబట్టి సైడ్‌బార్‌ను అసలు అమ్మకపోవడమే మేలు.

బ్లాగర్‌లో లేఅవుట్‌కు వెళ్లి, వ్యాసాలు కనిపించే పెట్టెకు పైన ‘యాడ్ ఎ గ్యాడ్జెట్’ నొక్కి, ‘హెచ్‌టీఎంఎల్/జావాస్క్రిప్ట్’ ఎంచుకోండి. ‘ఇమేజ్’ గ్యాడ్జెట్ తేలిగ్గా ఉంటుంది గానీ దానిలో లింకుకు ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తు తగిలించే వీలు లేదు. ఆ గుర్తు ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ఇక బొమ్మ కొలత. కంప్యూటర్‌కు 728×90, ఫోన్‌కు 320×100 లేదా 300×250 అందరూ వాడే కొలతలు. ఒకే 728 బ్యానర్‌ను రెండింటికీ వాడితే ఏమవుతుందో చూడండి. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్లో అది సగానికి కుంచించుకుపోతుంది, ఎత్తు 45 కూడా ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు ఎలాగో బతికిపోతాయి గానీ తెలుగు వత్తులు, గుడిదీర్ఘాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ‘వస్త్రాలయం’లో త, ర వత్తులు రెండూ కలిసి నల్లటి మచ్చ అవుతాయి. అందుకే ఫోన్‌కు విడిగా బొమ్మ చేయించండి. 640×200లో చేయించి 320×100గా చూపిస్తే అక్షరాలు తేటగా ఉంటాయి. అందులో దుకాణం పేరు, ఒక్క ఆఫరు, ఏరియా పేరు చాలు. బొమ్మ మీద ఫోన్ నంబరు వేయించడం దండగ, నొక్కితే కలిసేలా లింకు పెట్టొచ్చు కదా.

బొమ్మను స్పాన్సర్ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది నలిగిపోయి వస్తుంది. ‘డాక్యుమెంట్’గా పంపమనండి. సైటుకు ఎక్కించేముందు 100 కేబీ లోపుకు తగ్గించండి. కోడ్‌లో వెడల్పు, ఎత్తు అంకెలు తప్పకుండా రాయండి. అవి లేకపోతే బొమ్మ దిగేసరికి పేజీ కిందికి గెంతుతుంది, చదివేవాళ్ల వేలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది. ఈ గెంతును గూగుల్ సీఎల్‌ఎస్ అనే అంకెతో కొలుస్తుంది, అది 0.1 దాటకూడదు.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఇదే ఇబ్బందిని ఇంకో రూపంలో రాశారు. ఒకే చోట మూడు యాడ్‌లు మారిమారి రావాలని పెడితే ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తోందట. అది క్యాష్ ప్లగిన్ పని. పేజీని ఒకసారి తయారు చేసి దాచి, అదే అందరికీ పంచుతుంది కాబట్టి మొదట పడిన యాడే అతుక్కుపోతుంది. మార్చే పని సర్వర్‌లో కాకుండా పాఠకుడి బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో జరిగేలా పెట్టుకోవాలి. గడువు తీరిన యాడ్ తీసేసినా ఇంకా కనిపిస్తోందంటే కారణం ఇదే, క్యాష్ ఖాళీ చేయండి. కొందరికి మాత్రమే కనిపించకపోతే వాళ్ల బ్రౌజర్‌లో యాడ్ బ్లాకర్ ఉందేమో అడగండి. ఫైలు పేరులోనో కోడ్‌లోనో ‘యాడ్’, ‘బ్యానర్’ అని ఉన్నా, పేరు చివర 728×90 లాంటి కొలత ఉన్నా అది మూసేయొచ్చు.

‘మీ పాత వ్యాసంలో మా లింకు ఒక్కటి పెట్టండి, 3 వేలు ఇస్తాం, శాశ్వతంగా ఉంచాలి’ అని ఎక్కడెక్కడి వాళ్లో మెయిళ్లు పెడుతున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

వాళ్లకు కావలసింది మీ పాఠకులు కాదు, గూగుల్‌లో పైకెక్కడం. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకు దాని కోడ్‌లో ‘రెల్’ (rel) అనే చోట ‘స్పాన్సర్డ్’ (sponsored) అని గుర్తు వేయాలి. గూగుల్ ఈ గుర్తును 2019లో తెచ్చింది. అంతకుముందు నుంచి ఉన్న ‘నోఫాలో’ కూడా చెల్లుతుంది. గుర్తు లేకుండా లింకులు అమ్మితే గూగుల్ దాన్ని స్పామ్‌గా చూస్తుంది, పట్టుబడితే మీ సైటే వెతుకులాటలో వెనక్కి పోతుంది. ఆ మెయిల్ పెట్టినవాళ్లకు ‘స్పాన్సర్డ్ గుర్తుతో, ఆరు నెలలకు పెడతాం’ అని జవాబివ్వండి. చాలామంది మళ్లీ రాయరు.

లింకు ఎక్కడికి పోతుందో నొక్కి చూడండి. రమ్మీ, బెట్టింగ్ సైట్లకు పోతే వెంటనే వద్దనండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం వాటి ప్రకటనలకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మూడు వేల కోసం నెత్తిన పెట్టుకునే బరువు కాదది.

యాడ్‌లో ఉన్నదానికి మాకేం సంబంధం లేదని సైటు కింద రాశాం. అది చాలదా?
– జమ్మికుంట, మంచిర్యాల పాఠకులు

అన్నిటికీ చాలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తేడా స్పష్టంగా ఉంది. మామూలు వ్యాపారంలో భాగంగా ఎవరి ప్రకటననో వేసినవారికి కొంత రక్షణ ఉంది. మీరే ‘నేను వాడాను, బ్రహ్మాండంగా ఉంది’ అని రాస్తే మాత్రం మీరు ఎండార్సర్, అంటే సరుకు బాగుందని పూచీ పలికినవారు. అది తప్పుదోవ పట్టించేదైతే జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా పోవచ్చు. డబ్బు తీసుకున్న ప్రతి రాతకూ పైనే, మొదటి పేరాకు ముందే ‘ప్రకటన’ అని కనబడేలా వేయండి. వ్యాసం చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచితే లెక్కలోకి రాదు.

మన ప్రాంతంలో ఎక్కువగా వచ్చే యాడ్‌లలో ముందు చూడాల్సింది ప్లాట్ల వెంచర్లు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ) నమోదు లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. ఆ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా రెండూ యాడ్ మీద ఉండాలి. ‘కుడా అప్రూవల్ ఉంది’ అన్నది వేరే సంగతి, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి రెరా నంబరుకు బదులు కాదు. నంబరిస్తే తెలంగాణ రెరా సైటులో మీరే కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

రెండోది విత్తనాలు. వానాకాలం ముందు పత్తి విత్తనాల యాడ్‌లు వస్తాయి. ‘గడ్డి మందు కొట్టినా తట్టుకుంటది’, ‘బీజీ-3’ అన్న మాట కనబడితే తిప్పి పంపండి. బీజీ (బోల్‌గార్డ్) పేరుతో దేశంలో అనుమతి ఉన్న బీటీ పత్తి బీజీ-1, బీజీ-2 వరకే. కలుపు మందును తట్టుకునే రకానికి అనుమతి లేదు. అది నమ్మి కొన్న రైతుకు పంట పోతే బిల్లు కూడా చేతిలో ఉండదు.

కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ఫొటోల విషయంలో 2024 నుంచి కేంద్ర మార్గదర్శకాలున్నాయి. ఎంపికయ్యాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఏ కోర్సు చదివారో కూడా వేయాలి. షుగరు, క్యాన్సరు నయం చేస్తామనే మందుల ప్రకటనలకు 1954 నుంచే చట్టం అడ్డం ఉంది.

నెలకు మూడు నాలుగు యాడ్‌లు వస్తున్నాయి. జీఎస్టీ వేయాలా? ఒకాయన 1 శాతం పట్టుకుని ఇచ్చారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఏడాదికి మొత్తం రాబడి 20 లక్షలు దాటేవరకు సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గూగుల్ తానే యాడ్‌లు వేసి డబ్బిచ్చే యాడ్‌సెన్స్ నుంచి వచ్చేది కూడా ఈ లెక్కలోదే. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక ఇంటర్నెట్ యాడ్‌కు 18 శాతం, బిల్లులో వేసే సేవ కోడ్ 998365. పేపర్లో యాడ్‌కు 5 శాతమే కదా అని స్పాన్సర్ అడుగుతాడు, అది అచ్చు పత్రికలకే.

ఆ 1 శాతం టీడీఎస్, అంటే మీ ఆదాయపు పన్ను కింద చెల్లింపు దగ్గరే కోసి కట్టేది. ఒకే బిల్లు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. కోసింది మీ పాన్ ఖాతాలో పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. డబ్బుకు బదులు ఫోనో, ఫ్రిజ్జో ఇస్తామంటే దాని మార్కెట్ ధర కూడా మీ ఆదాయమే.

యాడ్‌సెన్స్, సొంత స్పాన్సర్ యాడ్ రెండూ ఒకే పేజీలో పెట్టొచ్చా? – నిర్మల్

పెట్టొచ్చు. ‘మా స్పాన్సర్లను ఆదరించండి, క్లిక్ చేయండి’ లాంటి మాట యాడ్‌సెన్స్ పెట్టె దగ్గర ఎక్కడా ఉండకూడదు, ఖాతా పోతుంది.

రెండు నెలలు యాడ్ నడిచింది. ఒక్క ఫోన్ రాలేదు, పైసలు వాపస్ ఇయ్యుమంటున్నడు. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, కాజీపేట

మొదట ఏం రాసుకున్నారో చూడండి. కాగితమే లేకపోతే వాపసు బదులు ఇంకో నెల ఉచితంగా నడిపిస్తామని చెప్పడం తేలిక. ఇకముందు వాట్సాప్‌లోనైనా సరే ఇవన్నీ రాసి ‘ఓకే’ అనిపించుకోండి: ఏ చోటు, ఏ కొలత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆ చోటులో ఇంకెన్ని యాడ్‌లు మారతాయి, బొమ్మ ఎన్నిసార్లు మారుస్తారు, అదే వ్యాపారంలో ఇంకొకరిది వేస్తారా లేదా, మధ్యలో ఆపితే వాపసు ఎంత. అమ్మకాలకు హామీ లేదన్న మాట కూడా అందులోనే ఉండాలి. మొదటి రోజు, చివరి రోజు ఫోన్లో కనిపించిన తీరును స్క్రీన్‌షాట్ తీసి బిల్లుతో పంపండి.

ఫోన్ రాలేదన్న మాట నిజమో కాదో తేలాలంటే లింకు మార్చాలి. యాడ్ నొక్కితే దుకాణం వాట్సాప్ తెరుచుకునేలా, అందులో ‘బ్లాగులో చూసి అడుగుతున్నా, ధరలు చెప్పండి’ అన్న వాక్యం ముందే పడి ఉండేలా లింకు చేయొచ్చు. వాట్సాప్ చిన్న లింకులో (wa.me/) 91తో నంబరు రాసి, దాని వెనక ప్రశ్నార్థకం, ‘టెక్స్ట్’ (text) అన్న మాట, సమానం గుర్తు, ఆ తర్వాత మీ వాక్యం. నొక్కినవాళ్లు పంపితే చాలు, ఎక్కడి నుంచి వచ్చారో దుకాణాయన ఫోన్లోనే రాసి ఉంటుంది. అడిగినవాళ్లకు దుకాణంవాళ్లు జవాబిచ్చారా లేదా అన్నది కూడా అక్కడే కనబడుతుంది.