నాలుగో డైమెన్షన్, చీపురు పుల్లలు, ఒక కొవ్వొత్తి

"స్ట్రింగ్ థియరీ చేసేవాళ్ళు పది డైమెన్షన్లని నిజంగా బుర్రలో చూడగలరా? నాకు నాలుగోది కూడా ఎందుకు ఊహకి అందడం లేదు?" అని అడిగారు. ఎవరికీ అందదండీ, కణాలన్నీ అతి చిన్న తీగల కంపనాలే అనే ఆ స్ట్రింగ్ థియరీ చేసేవాళ్ళక్కూడా. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి ఇప్పుడు విజయనగరంలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. చదువుకునే రోజుల్లో క్లాసులో అందరికీ కనిపిస్తోంది, నాకొక్కదానికే కనిపించడం లేదు అనుకుని తెగ కుమిలిపోయేదాన్ని. తీరా చూస్తే అందరూ చేసేది నీడలు చూడటం, ముక్కలుగా కోసి చూడటం, అదీ కుదరనప్పుడు లెక్క వేసుకోవడం.

నీడ సంగతి నాకు మా ఊళ్ళోనే అర్థమైంది. మాది ఉద్దానం. 2018 దసరా సెలవులకి ఇంటికొచ్చాను. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు వరసలకి వరసలే నేలకొరిగాయి. పది రోజులకి పైనే కరెంటు లేదు. పగలంతా పడిన చెట్లతో సరిపోయేది. రాత్రయితే నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా పిన్ని కూతురూ కొవ్వొత్తి ముందు కూర్చునేవాళ్ళం. పెరటి నిండా మట్టలే కదా, ఈనెలు తీసి, పన్నెండు పుల్లలు సమానంగా విరిచి, మూలలకి ఎనిమిది మట్టి ఉండలు పెట్టి ఒక ఘనం కట్టాం. ఆరాక కొవ్వొత్తికి జానెడు దూరంలో పట్టుకుంటే గోడ మీద పెద్ద చతురస్రం, దాని లోపల చిన్న చతురస్రం, రెండింటి మూలల్నీ కలుపుతూ నాలుగు ఏటవాలు గీతలు పడ్డాయి. మంచం మీంచి చూస్తున్న మామ్మ, "నోపల సిన్న గడి కూడా కట్టినారేటే?" అంది.

కట్టలేదు. రెండు గడులూ ఒకే కొలత. కొవ్వొత్తికి దగ్గరున్న ముఖం నీడ పెద్దగా పడింది, గోడవైపుది చిన్నగా పడింది, అంతే. అప్పుడు చటుక్కున వెలిగింది నాకు. టెసరాక్ట్ (నాలుగు డైమెన్షన్ల ఘనం) బొమ్మ మీరు చూసే ఉంటారు, పెద్ద ఘనం లోపల చిన్న ఘనం ఉంటుంది. లోపలిది ఎందుకు చిన్నదా అని ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. మామ్మ అడిగిందీ అదే! లోపలి ఘనం కూడా బయటిదంతే ఉంటుంది, నాలుగో దిశలో దూరంగా ఉందంతే. రెండింటి మధ్య ఇరుక్కున్న ఆరు వంకర డబ్బాలు కూడా అసలైన ఘనాలే, మొత్తం ఎనిమిది. ఘనాన్ని నాలుగో దిశలోకి జరిపారనుకోండి, మూలలు 8 + 8 = 16. అంచులు మొదట 12, చివర 12, జరిగేటప్పుడు మూలలు గీసినవి 8, వెరసి 32. మా పుల్లల ఘనాన్ని మెల్లగా తిప్పితే గోడ మీద చిన్న గడి ఉబ్బి పెద్దదైపోతుంది, పెద్దది కుంచించుకుపోతుంది. చేతిలో ఒక్క పుల్ల కూడా సాగదు. యానిమేషన్లలో టెసరాక్ట్ లోపలిది బయటికి తిరగబడేదీ ఇలాగే.

(ఇలా ఇంట్లో కూర్చుని అట్టముక్కలతో పని చేసినావిడ ఒకరున్నారు, అలీషియా బూల్ స్టాట్, గణిత శాస్త్రవేత్త జార్జ్ బూల్ కూతురు. కాలేజీ చదువు లేదు. నాలుగు డైమెన్షన్ల ఆకారాల్ని కోస్తే వచ్చే ముక్కల్ని నమూనాలుగా చేసింది. 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.)

ముక్కల పద్ధతి తేలిక. నాలుగు డైమెన్షన్ల గోళం మన గదిలోంచి దాటిపోతే చుక్క ఒకటి పుట్టి, బంతిలా పెరిగి, మళ్ళీ చుక్కై మాయమవుతుంది. స్ట్రింగ్ థియరీ వ్యాసాల్లో పువ్వులా మెలికలు తిరిగే కలాబి-యౌ బొమ్మ కూడా ఆరు డైమెన్షన్ల వస్తువులోంచి కోసిన రెండు డైమెన్షన్ల ముక్కే. ఈ అదనపు డైమెన్షన్లు మనకెందుకు కనిపించవంటారా? కలూజా అనే శాస్త్రవేత్త 1921లో చెప్పిన ఐదో (కాలాన్ని నాలుగోదిగా లెక్కేసి) డైమెన్షన్‌ని, క్లైన్ అనే మరో శాస్త్రవేత్త 1926లో చిన్న వలయంగా చుట్టేశాడు. దానికి పైపు మీద చీమ పోలిక మీకు ఎక్కడైనా దొరుకుతుంది: దూరం నుంచి మనకి గీతలా కనిపించే సన్నటి పైపు చుట్టూ కూడా చీమ తిరగగలదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ వలయం ఎక్కడో ఒక చోట ఉన్నది కాదు, ప్రతి బిందువు దగ్గరా ఒకటి ఉంటుంది.

బొమ్మల్ని ఎంతవరకు నమ్మొచ్చో నాకు ఒక సెమినార్‌లో తెలిసొచ్చింది. 4 భుజం ఉన్న పెట్టెలో మూలమూలకీ 1 వ్యాసార్థం ఉన్న గోళాలు సర్దండి. మధ్య ఖాళీలో, వాటన్నింటినీ తాకేలా ఇంకో గోళం పెట్టండి. అది పెట్టె దాటి బయటికి రాగలదా అని ఒక సార్ అడిగారు. చుట్టూ గోళాలే కదా, ఎలా వస్తుంది సార్ అన్నాను ధీమాగా. బోర్డు మీద వేసి చూడమన్నారు. n డైమెన్షన్లలో దాని వ్యాసార్థం √n నుంచి 1 తీసేస్తే వచ్చేది. మూడులో సుమారు 0.73. నాలుగులో సరిగ్గా 1, మూల గోళాలంత. తొమ్మిదిలో 2, గోడల్ని తాకేసింది. పదిలో సుమారు 2.16! అందరి ముందూ నా పరువు కూడా పెట్టె దాటిపోయింది. అప్పట్నుంచి నాలుగు దాటితే నేను బొమ్మ వేసుకుంటాను గానీ జవాబు మాత్రం లెక్కలోంచే తీసుకుంటాను.

పుల్లల ఘనం మీరూ కట్టి చూడండి. కొవ్వొత్తి బదులు ఫోన్ టార్చి చాలు, దగ్గరగా పట్టుకోవాలి. ఎండలో మాత్రం చెయ్యొద్దు. సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి రెండు గడులూ ఒకే కొలతలో పడతాయి, ఒక ముఖాన్ని సరిగ్గా సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే ఒకదాని మీద ఒకటి కప్పేసి ఒక్క చతురస్రమే కనిపిస్తుంది.