ముందు తీసెయ్యండి, తర్వాత కొనండి: ఇంటి అలంకరణపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అందరూ అడిగింది ఒకటే, ఏం కొనాలి అని. నేను మాత్రం ఏం తీసెయ్యాలి, ఏం కొలవాలి, ఏ వెలుగులో చూడాలి అన్నదే ఎక్కువ చెప్పబోతున్నాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో లోటు వస్తువులది కాదు. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: ఇల్లు అమ్మకానికి పెట్టి చాలా రోజులైంది. ఫొటోలు చూసి ఫోన్లు బాగానే వస్తున్నాయి, చూడటానికి కూడా వస్తున్నారు, కానీ లోపలికి అడుగుపెట్టిన రెండు నిమిషాలకే ముఖాలు మారిపోతున్నాయి. మధ్యవర్తి ఫాల్స్ సీలింగు, కొత్త సోఫా సెట్ పెట్టించమంటున్నాడు. బెడ్‌రూమ్‌లో ఒక గోడకి చెమ్మ ఉంది, అక్కడ బీరువా అడ్డం పెడితే సరిపోతుందని మావారు అంటున్నారు. ఎంతవరకు ఖర్చు పెట్టమంటారు?

జవాబు: ఫాల్స్ సీలింగు వద్దండీ. అమ్మబోయే ఇంటికి అది దండగ. కొనేవాళ్ళకి వాళ్ళ ఇష్టాలు వాళ్ళకి ఉంటాయి, పైగా సీలింగు కిందికి దిగితే గది ఎత్తు తగ్గుతుంది. సోఫా అయితే ఎలాగూ మీతోనే వచ్చేస్తుంది, దాన్ని చూసి ఇల్లు కొనేవాళ్ళు ఎవరూ ఉండరు.

మీ ఉత్తరంలో నాకు బాగా పట్టుకున్న మాట ఫొటోలకి ఫోన్లు వస్తున్నాయన్నది. అంటే ఫొటోకి, ఇంటికి మధ్య ఎక్కడో తేడా ఉంది. చాలామంది ఫోన్‌లో 0.5 అని ఉండే వెడల్పు లెన్సుతో తీస్తారు, దాంతో హాలు నిజంగా ఉన్నదానికంటే చాలా పొడవుగా కనిపిస్తుంది, వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఒకసారి అలా అనిపించాక ఆ తర్వాత మీరు ఏం చూపించినా వాళ్ళ కంటికి ఆనదు. ఫొటోలు మళ్ళీ తీయండి, మామూలు లెన్సుతో, గది మూలన నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తులో అంటే సుమారు 120 సెంటీమీటర్ల దగ్గర నిటారుగా పట్టుకుని. నేల, గోడలు, కిటికీ మూడూ సరైన పాళ్ళలో వస్తాయి. ఫోన్లు కొంచెం తగ్గొచ్చు, వచ్చేవాళ్ళు మాత్రం ఇంటి కొలత తెలిసి వస్తారు.

తర్వాత పని ఖాళీ చేయడం. మీరే బయటికి వెళ్ళి, కొత్తవాళ్ళలాగా తలుపు తీసుకుని లోపలికి నడవండి. దారిలో ఎక్కడ పక్కకి తిరగాల్సి వచ్చిందో, దేని మూల మోకాలికి తగిలిందో గుర్తు పెట్టుకోండి. మనిషి హాయిగా నడవడానికి 75 నుంచి 90 సెంటీమీటర్ల దారి కావాలి. టేపు పెట్టి కొలిచి, అంత దారి లేనిచోట ఒక కుర్చీనో, స్టూలునో, ఎవరూ వాడని మూడో టేబులునో తీసెయ్యండి. సోఫా వీపు గుమ్మం వైపు ఉంటే తిప్పండి. గోడ అల్మారాల తలుపులు తీసి చూస్తారు, తప్పకుండా తీస్తారు, అందుకని అందులో మూడో వంతైనా ఖాళీ కనిపించాలి. ఒక పని మాత్రం చేయొద్దు, ఇక్కడ తీసిన సామానంతా ఒక గదిలో కుక్కి తలుపేయడం. ఆ గది కూడా చూడటానికే కదా వస్తారు!

1970ల్లో అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంటు, అమ్మే ఇంటిని ఇలా సిద్ధం చేయడాన్ని ఒక పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చారు, దాన్నే ఇప్పుడు హోమ్ స్టేజింగ్ అంటున్నాం. కాలంతో పాటు దాని చుట్టూ అద్దె ఫర్నిచర్, కుషన్లు, నకిలీ పండ్ల బుట్టలు చాలా చేరాయి గానీ, అసలు పని ఇప్పటికీ శుభ్రం చేయడం, తగ్గించడం, వెలుగు రానివ్వడమే.

వాసన సంగతి కూడా చెప్పాలి. ఎవరింటి వాసన వాళ్ళకి తెలియదు, ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. సగం రోజు బయట గడిపి వచ్చి, తలుపు తీసిన మొదటి నిమిషంలో ఏం వాసన వస్తుందో చూడండి. వస్తే దాని మూలం వెతకండి, సింకు కింద, పాత తివాచీలో, చెత్తడబ్బా దగ్గర. రూమ్ ఫ్రెషనర్ గుప్పిస్తే మాత్రం దేన్నో దాస్తున్నారనే అనుమానం వస్తుంది.

ఇక చెమ్మ. బీరువాతో కప్పే ఆలోచన దయచేసి మానుకోండి. ఇది తప్పు అని మొహమాటం లేకుండా చెప్తున్నాను. గోడ చూడకుండా కొన్న మనిషి మొదటి నెలలోనే బీరువా ఉన్నచోట నల్లటి మరక చూస్తే మీ గురించి ఏమనుకుంటాడు? పైగా బీరువా వెనక గాలి ఆడక చెమ్మ ఇంకా పెరుగుతుంది, వాసన కూడా వస్తుంది. ముందు కారణం పట్టుకోండి. మరక నేల నుంచి పైకి పాకుతుంటే పునాది తేమ కావొచ్చు, పైనుంచి కిందికి దిగుతుంటే కప్పు గానీ పై అంతస్తు బాత్‌రూమ్ గానీ, ఒకేచోట గుండ్రంగా ఉంటే ఆ గోడలో పోయే పైపు. ఏదీ తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. గోడని పొడిగుడ్డతో తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. పైన, అంటే గది వైపు తడి చేరితే అది గదిలోని గాలి తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది. ఫాయిల్ కింద, గోడ వైపు తడి ఉంటే నీళ్ళు గోడలోంచే వస్తున్నాయి, ప్లంబర్‌నో మేస్త్రీనో పిలవాల్సిందే. లీకు ఆపాక కూడా గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. ఆరకుండా పుట్టీ, ప్రైమర్, రంగు వేస్తే పొక్కులు లేచి పెచ్చులూడతాయి, తెల్లటి ఉప్పు తేలుతుంది. మీ డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. టైమ్ లేకపోతే ధరలో తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చాలాచోట్ల చట్టం కూడా తెలిసిన లోపాన్ని దాచి అమ్మడాన్ని ఒప్పుకోదు.

ప్రశ్న: షేడ్ కార్డులో లేత బూడిద రంగు ఎంచుకుని హాలంతా వేయించాం. గోడ మీద చూస్తే నీలంగా ఉంది, రాత్రయితే మరీను. పెయింటర్ డబ్బా మార్చేశాడా?

జవాబు: పాపం పెయింటర్‌ని అనకండి, డబ్బా మీద నంబరు సరిపోలితే రంగు అదే. ఇలాంటి ఫిర్యాదు మీతో మొదలైంది కాదు. ఫ్రాన్స్‌లో గోబెలాఁ అనే ప్రసిద్ధమైన నేత కర్మాగారం ఉంది, అక్కడి అద్దకం విభాగాన్ని చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది, నల్ల రంగు నల్లగా రావడం లేదని. ఆయన వేరే చోట్ల అద్దిన నల్ల దారం తెప్పించి పోల్చి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు, నీలం, ఊదా దారాల పక్కన పడేసరికి ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న ఆ విషయం మీద 1839లో ఆయన పెద్ద గ్రంథమే వేశారు. మీ గోడకీ జరుగుతున్నది అదే. బూడిద రంగుల్లో చాలావాటికి అడుగున నీలమో, ఆకుపచ్చో, ఊదానో కొద్దిగా ఉంటుంది. పక్కన పసుపు ఛాయ ఉన్న చెక్క తలుపులు, లేత గోధుమ రంగు టైల్స్ ఉంటే ఆ నీలం తన్నుకొచ్చేస్తుంది.

రాత్రి ఎక్కువైందంటే మీ హాల్లో 6500 కెల్విన్ బల్బులు ఉండి ఉంటాయి, ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువ. కెల్విన్ అంటే వెలుగు ఛాయని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు వస్తుంది. మళ్ళీ రంగు వేయించేముందు బల్బులు మార్చి చూడండి, 3000 కెల్విన్‌వి, పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 గానీ ఆపైన గానీ ఉన్నవి. బల్బు ఎంత వెలుగిస్తుందో వాట్లలో కాదు, ల్యూమెన్లలో చూసుకోవాలి, పాత 60 వాట్ల బల్బు ఇచ్చినంత వెలుగుకి దాదాపు 800 ల్యూమెన్లు. ఒకే గదిలో ఒక బల్బు పసుపు, ఒకటి తెలుపు పెట్టొద్దు, గోడ సగం ఒక రంగు, సగం ఇంకో రంగులా ఉంటుంది. చాలా సందర్భాల్లో ఇంతటితోనే సమస్య తీరిపోతుంది.

తీరకపోతే, ఈసారి షేడ్ కార్డు చూసి నిర్ణయించొద్దు. అంత చిన్న ముక్కలో రంగు లేతగా కనిపించి, నాలుగు గోడల మీదికి వచ్చేసరికి చిక్కబడుతుంది, ఎందుకంటే గోడలు ఒకదాని రంగు ఇంకోదాని మీద పడేస్తాయి. చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, కనీసం 60 సెంటీమీటర్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, చుట్టూ తెల్ల అంచు వదలండి. పాత గోడ మీదే పూయకండి, పాత రంగు పక్కన కన్ను మళ్ళీ మోసపోతుంది. ఆ అట్టని కిటికీ పక్కన, కిటికీకి ఎదురుగా, చీకటి మూలన పెట్టి పొద్దున, మధ్యాహ్నం, లైట్లు వేశాక చూడండి. చీకటి మూలలో కూడా నచ్చిందా, అయితే వేయించేయండి.

ప్రశ్న: అద్దె ఇల్లు, చిన్న హాలు, ఒకటే కిటికీ. మేకులు కొట్టనివ్వరు. దానికి తోడు మా అత్తగారి పెద్ద చెక్క బీరువా హాల్లోనే ఉంది, అది తీసే ప్రసక్తే లేదు. ఎంత సర్దినా ఇరుకే.

జవాబు: బీరువా ఉండనివ్వండి, దాని కోసం ఇంట్లో గొడవ అక్కర్లేదు. స్థలం మార్చండి చాలు. గుమ్మంలోంచి రాగానే ఎదురుగా కనిపించే గోడ మీద నుంచి తీసి, గుమ్మం ఉన్న గోడకే చేర్చండి, లోపలికి వచ్చేవాళ్ళ చూపు దాన్ని దాటి కిటికీ దాకా వెళ్తుంది. బీరువా నెత్తిన ఉన్న సూట్‌కేసులు, అట్టపెట్టెలు దించేయండి, ఇరుకులో సగం అక్కడే ఉంది.

కిటికీ ముందు ఏమీ పెట్టొద్దు. కర్టెన్లు గాజుని కప్పకుండా పక్కలకి పూర్తిగా జరగాలి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే రాడ్డుని కిటికీ పైన 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు వైపులా కనీసం 15 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా పెట్టించండి, గుడ్డ కిటికీ వెడల్పుకి రెట్టింపు ఉండాలి, లేకపోతే బిగదీసినట్టు ఉంటుంది. ఒప్పుకోకపోతే ఉన్న రాడ్డుకే పల్చటి గుడ్డ వేయండి. అద్దం పెట్టండి, మేకు అక్కర్లేదు, నిలువుటద్దాన్ని జారకుండా కింద రబ్బరు వేసి గోడకి ఆనించవచ్చు, ఇంట్లో పిల్లలుంటే మాత్రం ఏ అద్దాన్నీ ఊరికే ఆనించి వదలకండి. పెట్టేముందు మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని అందులో ఏం కనిపిస్తుందో చూడండి, కిటికీ కనిపిస్తే గదికి రెండో కిటికీ వచ్చినట్టే, బట్టల కుప్ప కనిపిస్తే రెండు కుప్పలు.

టీపాయ్ సోఫాకి 40 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, అంత చోటు లేకపోతే టీపాయ్ వద్దు, పక్కన ఒక చిన్న స్టూలు చాలు. కార్పెట్ వేస్తే సోఫా ముందు కాళ్ళయినా దాని మీదికి వచ్చేంత పెద్దది వేయండి, మధ్యలో చిన్న ముక్క వేస్తే గది ఇంకా చిన్నదవుతుంది.

ప్రశ్న: ప్లాస్టిక్ పూలు పెట్టొచ్చా?

జవాబు: వారం వారం కడిగే ఓపిక ఉంటే పెట్టండి. దుమ్ము పట్టిన పూలకంటే ఖాళీ కూజా అందంగా ఉంటుంది.

ప్రశ్న: సోఫా పైన గోడకి ఫొటో ఫ్రేములు తగిలించాం, ఏదో తేడాగా ఉంది గానీ ఏమిటో తెలియడం లేదు.

జవాబు: మరీ పైన కొట్టి ఉంటారు, అందరం నిలబడి, చెయ్యి పైకెత్తి మేకు కొడతాం కదా. ఫ్రేము మధ్యభాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల దగ్గర ఉంటే కంటికి సుఖం, సోఫా పైన అయితే సోఫా వీపుకి, ఫ్రేము కింది అంచుకి మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు. ఈ రెండూ కుదరకపోతే సోఫా కొలతే పాటించండి. ఫ్రేములన్నీ కలిపి సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు ఉండాలి, ఒకే చిన్న ఫ్రేము అంత పెద్ద సోఫా పైన దిక్కులేనిదానిలా ఉంటుంది. కొత్త మేకులు కొట్టేముందు ప్రతి ఫ్రేము కొలతకి పాత న్యూస్‌పేపర్ కత్తిరించి, టేపుతో గోడకి అంటించి రెండు రోజులు అలాగే ఉంచండి, నచ్చేదాకా జరుపుకోండి. ఆ తర్వాత ఫ్రేము వెనక కొక్కెం పై అంచు నుంచి ఎంత కిందికి ఉందో కొలిచి, పేపర్ మీద అక్కడ చుక్క పెట్టి, మేకు నేరుగా ఆ చుక్క మీదే కొట్టి, పేపర్ చింపి లాగేయండి.